రింగు కింది గొంతు

ఆదోని, 1979. ఎమ్మిగనూరు జట్టు చేతిలో ఓడిన మర్నాడు, ఖాళీ బాస్కెట్‌బాల్ కోర్టులో డ్రిల్లు సారు, ఆయన జట్టులో ఆడే కుర్రాడు.

"ఫ్రీ త్రో అంటే నీదే అనుకుంటిమి కదరా. నిన్న ఒక్కటీ పడకపాయె."

"గీత మీద నిలబడినంక రింగు కిందికే సూస్తాంటి సార్."

"మీ నాయన పోయి నెల గూడా కాలేదని, నువ్వు వేసేటప్పుడు ఎవురూ అరవొద్దని మనోళ్లకు నేనే చెప్పింటి."

"అందుకే పడలేదు సార్."

"అదేంది రా?"

"పత్తి మిల్లులో పని దిగినంక నాయన రోజూ ఈడికే వస్తాండె. రింగు కింద కూచొని, నేను బంతి ఎత్తితే సాలు, తిడతాండె. మ్యాచ్‌లో ఊరంతా అరుస్తాది, ఇప్పుడే అలవాటు చేసుకో అంటాండె."

"నాకు తెలీదప్పా."

"నిన్న అందరూ గమ్మునుంటిరి. ఆయన ఇంక లేడని అప్పుడు తెలిసొచ్చె సార్."

"ఇప్పుడేం చేద్దాం మరి?"

"మీరు ఆ రింగు కింద కూచొని తిట్టండి సార్."

"ఏం రా దున్నపోతా... సంగటి తినలేదా? ఎయ్ రా!"

"ఇంకా గట్టిగా సార్. మా నాయన జిన్నింగు మిషన్ల చప్పుడు మీద అరిచే మనిషి."