చాటుమాటు చెవి వైద్యం

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లికూన చెవులు తిప్పి చూసింది. అరుదైన వాపుజబ్బు తాలూకు నల్లటి పెచ్చులన్నీ రాలిపోయాయి. కూనను తెచ్చినావిడ దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

“పూర్తిగా నయమైందమ్మా!”

“అయ్యో! నయమయ్యేదాకే ఇంట్లో ఉండనిస్తానన్నారు మావారు. దీని చెవులు బాగుపడ్డాయి గానీ, నా మాట ఆయన చెవికెక్కదు.”

“ఇంతకీ నెలంతా రావాల్సిన మందు ట్యూబు సగం నెలకే అయిపోయిందేం?”

“మీరు రాసిచ్చినట్టే రాశానండీ, రోజుకి రెండుసార్లు.”

“మీవారో?”

“ఆయనా? పిల్లిని వేలితో కూడా ముట్టరు!”

“మరి మీరు స్నానానికెళ్లినప్పుడల్లా తనే మందు రాస్తున్నాననీ, ఇంకా తగ్గలేదని మీతో చెప్పమనీ ఇందాక ఫోన్‌లో బతిమాలిందెవరు?”

“ఓరి నా మొగుడా! డాక్టరమ్మా, తగ్గలేదనే నాకు చెప్పానని ఆయనతో అనండి. కాకపోతే ట్యూబులో ఉత్త వాజలీన్ పెట్టివ్వండి. ఆ దొంగవైద్యం నేను తలుపు సందులోంచి చూసి తీరాలి!”