తలుపు తియ్యొద్దు

ఆదివారం మధ్యాహ్నం. ఇంటి కింద షెడ్డులో అద్దాలన్నీ ఎత్తి ఉన్న కారు. స్టీరింగు ముందు ఒళ్లో లాప్‌టాప్‌తో భర్త, పక్కసీట్లో ఇప్పుడే ఎక్కి ధడేలున తలుపేసుకున్న భార్య.

"అయ్యో అయ్యో అయ్యో!"

"ఏమైందండీ? తలుపేగా వేశాను. మీ వేలేం నలగలేదుగా?"

"నలగలేదు, నొక్కేసింది! నువ్వు వేసిన అదురుకి నా వేలు మీట మీద పడింది. రాయడం మొదలుపెట్టేసింది."

"ఏది?"

"లాప్‌టాప్. ఇంజినుకి ఒక కంప్యూటరుంటుందని చెప్పలేదూ? అందులోకి కొత్త ఫైలు ఎక్కుతోంది. నువ్వు మేడ మీద పడుకున్నాక మొదలుపెడదామనుకున్నాను. సరే, సరే... కదలకు. ఏమీ ముట్టుకోకు."

"నేనేం ముట్టుకుంటాను? మీకు మంచినీళ్లు తెచ్చాను, అంతే. అబ్బ, ఎంత ఉక్కగా ఉంది. ఆ అద్దం దించండి."

"అద్దమా? వద్దు! అద్దం వద్దు, ఏసీ వద్దు, లైటు వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, తలుపు తియ్యొద్దు."

"తీస్తే?"

"తీస్తే బండిలో నిద్రపోతున్నవన్నీ ఒక్కసారి లేస్తాయి. రాసేది మధ్యలో తెగిపోతుంది. ఆ తర్వాత ఇది బండి కాదు, ఇనప బీరువా. స్టార్టవదు, కదలదు."

"ఇక అంతేనా? పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యడమేనా?"

"అంతదాకా రాదులే. ఈ కొత్త ఫైలు తయారుచేసిచ్చిన ట్యూనింగాయనకి ఫోన్ చెయ్యాలి. ఆయనొచ్చి ఆ కంప్యూటరు డబ్బా ఊడదీసి, షాపుకి పట్టుకెళ్లి, మొదట ఉన్న పాత ఫైలే మళ్లీ ఎక్కిస్తాడు. అది ఆయన దగ్గర దాచి ఉంది. బండికి ఏమీ కాదు, పరువు పోతుంది."

"ఎవరి పరువు?"

"నాదే. తలుపు తియ్యొద్దు, తలుపు తియ్యొద్దు అని చిలక్కి చెప్పినట్టు చెప్పి లాప్‌టాప్ ఇచ్చాడాయన."

"ఎంతసేపు పడుతుంది?"

"ఓ అరగంట."

"అరగంటే! అరగంటసేపు మీరు నా పక్కన, లేచి వెళ్లకుండా! మన పెళ్లిలో కూడా అంతసేపు కూర్చోలేదు. మధ్యలో లేచి ఎవరితోనో ఫోన్ మాట్లాడొచ్చారు."

"నవ్వకు. సీటు ఊగుతోంది."

"ఊగితే కూడా తెగిపోతుందా?"

"తెగదు. నాకు భయం."

"సరే, నవ్వను. ఇంతకీ ఈ కొత్త ఫైలు ఎక్కితే ఏమవుతుంది?"

"పికప్ పెరుగుతుంది."

"ఎంత?"

"బాగా."

"బాగా అంటే? వంతెన ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతోందని చెప్పానే, ఆ ఆయాసం పోతుందా?"

"పోతుంది. పోవాలి."

"టర్బోలో గాలి ఒత్తిడి పెంచారా? డీజిలు ఎక్కువ పొయ్యమన్నారా?"

"అవన్నీ నీకెలా తెలుసు?"

"మీరు చేయిస్తున్నారని తెలిశాక కూర్చుని చదివాను. డిగ్రీలో చదివిన ఫిజిక్సు, వంటింట్లో పెట్టినంత మాత్రాన ఆవిరైపోదుగా."

"ఊఁ."

"నిజం చెప్పనా? చాలా సంతోషమేసింది. నేను ఎప్పుడో ఒకసారి అన్న మాట గుర్తుపెట్టుకుని మీరు చేస్తున్న పని ఇన్నేళ్లలో ఇదొక్కటే. అందుకే మంచినీళ్లు. లేకపోతే మీరే వచ్చి తాగేవారు."

"తర్వాత తాగుతాను, పట్టుకో."

"ఏమిటి, మొహం అలా పెట్టారు?"

"ఏం లేదు. స్క్రీన్ చూడనీ."

"అటు చూడండి, మీ వైపు ఎవరో అద్దం మీద కొడుతున్నారు."

"మా అమ్మ! అమ్మా, తలుపు ముట్టుకోకు!"

"ఆఁ? వినపడట్లేదురా. అద్దం దించు."

"దించకూడదమ్మా! హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యి. చెయ్యి తియ్యి!"

"తీశాన్లే. ఎందుకలా అరుస్తావు, నాకేం చెవుడా? అద్దంలోంచి ఏమీ కనపడి చావట్లేదు. అయిపోయిందా ఆ పని?"

"తర్వాత మాట్లాడదాం. నువ్వెళ్లు."

"వెళ్తాను గానీ ఒక్క మాట చెప్పు. ఇక కోడలు ఎంత తొక్కినా బండి నలభై దాటదు కదా?"

"అమ్మా!"

"ఏమిట్రా? గట్టిగా చెప్పు. ఆ పక్కసీట్లో ఏమిటది?"

"నేనే, అత్తయ్యా. బాగా వినపడుతోంది అత్తయ్యా, అద్దం దించకపోయినా."

"పాలు పొంగుతున్నట్టున్నాయి. వస్తానమ్మా."

"పాలు నేను పొద్దున్నే కాచేశాను. చూశారా, ఆవిడ అప్పుడే వెళ్లిపోయారు."

"నేను చెప్పేది విను..."

"వింటాను. దిగి వెళ్లే దారి లేదుగా. చెప్పండి. నలభై?"

"నీ మంచికే. సేఫ్టీ."

"పికప్ అన్నారు."

"పికప్ కూడా ఉంటుంది. నలభై లోపల బాగానే ఉంటుంది."

"అంటే గదిలోనే పరుగెత్తమని."

"అలా అనకు."

"ట్యూనింగాయనకి ఏమని చెప్పారు? మా ఆవిడకి ముకుతాడు వెయ్యమనా?"

"ఛ ఛ. కొత్తగా డ్రైవర్ని పెట్టుకున్నాం, దూకుడుగా నడుపుతున్నాడు, నలభై దాటకుండా కట్టడి చెయ్యమన్నాను."

"డ్రైవరు."

"ఏదో ఒకటి చెప్పాలి కదా."

"నిజమే. ఉన్నది చెప్తే ఆయన నవ్వేవాడు. ఎందుకండీ ఇదంతా?"

"ఎందుకేమిటి? నీకేమైనా అయితే?"

"అసలుది చెప్పండి. ఇంకా బోలెడు టైముంది."

"పక్కింటాయన నిన్ను బైపాస్ మీద చూశాడు. ఒకసారి కాదు. కూరగాయలకని చెప్పి వెళ్లి..."

"కూరగాయలు కూడా తెచ్చాను."

"తెచ్చావు. మార్కెట్టు మన వీధి చివరుంది. మీటరేమో అరవై కిలోమీటర్లు తిరిగింది."

"మీటరు చూస్తున్నారా?"

"వారం వారం."

"నా మొహంలోకి చూడటం కంటే అది సులువే లెండి."

"ఎక్కడికెళ్తున్నావు?"

"అడిగారు! ఇన్నాళ్లకి అడిగారు. ముందే అడగొచ్చుగా?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావు. అందుకే అడగలేదు. ఇప్పుడు చెప్పు. ఎవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు. అదే అక్కడి గొప్ప."

"వెటకారాలొద్దు."

"వెటకారం కాదండీ. బైపాస్ మీద తిన్నగా పోతాను. లారీలు ఆపుకునే చోటుందే, అక్కడ వెనక్కి తిప్పుకుని వచ్చేస్తాను. దిగను కూడా దిగను."

"ఊరికే?"

"ఊరికే."

"ఊరికే అంతదూరం ఎవరైనా వెళ్లొస్తారా? డీజిలు తగలేసి?"

"ఇంట్లో నేను కుర్చీ జరిపితే చాలు, ఎక్కడికి అంటారు అత్తయ్య. బాత్‌రూం తలుపేసుకుంటే, ఇంకా ఎంతసేపు అంటారు మీరు. ఆ రోడ్డు మీద ఎనభై దాటాక గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. ఎవరైనా పిలిచినా వినపడదు. ఓ పావుగంట, అంతే. ఆ తర్వాత మళ్లీ మీ కూరగాయలు, మీ ఇల్లు."

"ఎనభై!"

"ఒక్కోసారి తొంభై. మీరు నేర్పినట్టే, అద్దాలు చూసుకుంటూ."

"నేను నమ్మను."

"తొంభైనా?"

"ఎవరూ లేరంటే."

"ఎవరో ఒకరుంటే మీకు హాయిగా ఉండేది. వాళ్ల మీద కోప్పడేవారు. ఎవరూ లేకపోయేసరికి ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బండిలో పెడుతున్నారు."

"మాటలు మాత్రం బాగా వచ్చు."

"వేరే పని లేదుగా. అవునూ, తాళాలు లాక్కుంటే పోయేదిగా? ఈ లాప్‌టాపులూ, తీగలూ ఎందుకు?"

"లాక్కుంటే గొడవ. నువ్వు మీ అన్నయ్యకి చెప్తావు, నలుగురి నోళ్లలో పడతాం. ఇదైతే..."

"ఇదైతే?"

"బండే వెళ్లనంటుంది."

"వద్దన్నది మీరు కాదు. బండి."

"అలా అని కాదు..."

"అలాగే. నేను వచ్చి, ఏవండీ, బండి నలభై దాటట్లేదంటే ఏమనేవారు?"

"పాతబడింది అనేవాణ్ని."

"మెకానిక్కుకి చూపిద్దామంటే?"

"చూద్దాం అనేవాణ్ని."

"చూద్దాం! మన ఇంట్లో ఆ మాట ముందు తాళంకప్ప ఎందుకూ పనికిరాదు. బళ్లో సైన్సు చెప్పడానికి రమ్మన్నారంటే, చూద్దామన్నారు. మేడ మీద గదిలో నాకో బల్ల వేసుకుంటానంటే, చూద్దామన్నారు. ఇప్పుడా గదిలో అత్తయ్యగారి విరిగిన మంచం కాళ్లు చాపుకుని పడుకుంది."

"ఇప్పుడు ఆ మంచం ఎందుకు?"

"సరే, మంచం వదిలేస్తాను. ఇది ఆపండి."

"ఆపకూడదు. చెప్పానుగా, మధ్యలో ఆపితే చచ్చిపోతుంది."

"అయితే పూర్తయ్యాక పాతది మళ్లీ ఎక్కించండి."

"నా దగ్గరెక్కడుంది? ఆయన్నే అడగాలి. ఏమని అడగను? మొన్నేగా డ్రైవరూ, దూకుడూ అని అంత చెప్పాను. ఇప్పుడు వెళ్లి వద్దంటే ఏమనుకుంటాడు?"

"అడగరన్నమాట."

"అడగనని ఎవరన్నారు? ముందు ఇది కానీ. నాలుగు రోజులు నడిపి చూడు, అదే అలవాటైపోతుంది. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

"చూద్దాం."

"మళ్లీ అదే మాట."

"ఏం, కోపమొచ్చిందా? నలభై అంటే తక్కువేం కాదు. ఊళ్లో ఎవరు దాటుతారు నలభై?"

"బైపాస్ మీద నలభైలో పోతే వెనక లారీవాడు నన్ను తోసుకుంటూ తీసుకెళ్తాడు."

"అదే కదా నేననేది. అందుకే బైపాస్ ఎక్కొద్దు."

"అర్థమైంది. ఎంతవరకూ వచ్చింది?"

"తొంభై శాతం దాటింది. హమ్మయ్య. ఒళ్లంతా చెమటలు పట్టేస్తున్నాయి. ఆ నీళ్లిలా ఇవ్వు."

"ఇదిగోండి. నిండుగా ఉంది గ్లాసు, రెండు చేతులతో పట్టుకోండి. లాప్‌టాప్ మీద ఒలకగలదు."

"పట్టుకున్నాలే."

"రెండో చెయ్యి కూడా."

"పట్టుకున్నాను. చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేం?"

"ఏవండీ, ఆ పాత ఫైలు ఆయన దగ్గర భద్రంగానే ఉందన్నారు కదా?"

"ఉంది. ఎందుకు?"

"బండి చచ్చిపోతే దాన్నే ఎక్కిస్తాడన్నారు."

"అవును... ఇప్పుడెందుకది? ఏయ్, చెయ్యి ఎక్కడ పెట్టావు? ఆగు, ఈ గ్లాసు పట్టుకో, ముందు ఈ గ్లాసు..."

"ఆయనకి ఫోన్ చెయ్యండి. డ్రైవరు తలుపు తీసిందని చెప్పండి."