బాణాల వెంట బావ

"టీ మాస్టారూ, నాకు పంచదార తగ్గించు. నీటి గుహల్లో ఈదేవాళ్ళం, ఒళ్ళు తేలిగ్గా ఉంచుకోవాలి. నవ్వకే మరదలు పిల్లా! రేపు గుహలోకి నీ మొదటి ఈత, జతగాణ్ణి నువ్వే ఎంచుకోమన్నారటగా? బావని నేనుండగా ఇంకొకళ్ళెందుకు? నా మొదటి రోజు సంగతి విను.

అందరిలాగే గుహ గుమ్మంలో, వెలుతురు కనపడేంతవరకే ఈత. అదేం గొప్ప కాదులే. నీటి అడుగున తాడు కట్టి ఉంటుంది, దానికి దారి చూపే ప్లాస్టిక్ బాణాలుంటాయి. మావాళ్ళంతా గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నేనాగుతానా? బాణం ఎటు చూపిస్తే అటే, లోపలికి, ఇంకా లోపలికి. ఇంతలో బురద రేగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"టార్చి ఆరిపోయిందా?" అంది మరదలు.

"ఆరిపోవడమా! భయపడి నన్నొదిలేసి పారిపోయింది. సిలిండర్లో చూస్తే గాలి నిండుకుంది. పైన రాతి కింద ఇంత గాలి బుడగ కనిపిస్తే, అందులో తల దూర్చి ఓ కునుకు తీశా."

"కునుకే!" టీ మాస్టారు చేతిలో గరిటె ఆగిపోయింది.

"అలసట ఉండదా మరి? లేచేసరికి ఎదురుగా ఓ గుడ్డి చేప, పాపం దారి తప్పింది. తాడు నోటికందించా. దాని వెనక దాని అత్తగారు, తోడికోడళ్ళు, పిల్లాజెల్లా! అందర్నీ వెంటేసుకుని పోగా పోగా, కొండ అవతల సముద్రంలో తేలా. ఓ తిమింగలం నన్ను చూసి దారిచ్చి పక్కకి తప్పుకుంది. అంతా ఆ బాణాల చలవే!"

మరదలు గ్లాసు కింద పెట్టింది. "బావా, రేపంటే నాకు నిజంగానే భయంగా ఉంది. మీరు పక్కనుంటే ధైర్యమనుకున్నా. ఒక్క మాట చెప్పండి, బాణాలు చూపించిన వైపే వెళ్ళారా?"

"నీ మీదొట్టు! ఒక్కటీ తప్పలేదు."

"పొద్దున క్లాసులో మాకు మొట్టమొదట చెప్పింది అదే. గుహలో ఏ బాణమైనా బయటికి దారి చూపిస్తుంది, లోపలికి కాదు."

బావకి టీ పొలమారింది. టీ మాస్టారు ఆయన వీపు తడుతూ అన్నాడు: "ఇప్పుడర్థమైందమ్మా. ఆ రోజు అందరికన్నా ముందు, తడి ఒంటితో గుహ పక్కనున్న ఈ కొట్టుకి పరిగెత్తుకొచ్చి టీ అడిగింది ఈయనే."

మరదలు బావ ముఖం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"రేపు నేను మా టీచరుతోనే దిగుతాను బావా. మీరెలాగూ ముందే బయటికొచ్చేస్తారుగా, నాకూ ఓ టీ చెప్పి ఉంచండి."