మిరపకాయ చుట్టూ రాణీ రంగు

గుంటూరు మిర్చి యార్డు గేటు ఎదురుగా, కోటిరత్నం టీ కొట్టు దగ్గర గౌస్ బాషా నోరు తెరిచాడంటే, పని మీద పోయేవాళ్ళు కూడా బెంచీ చూసుకుని కూర్చోవలసిందే. రెండు వేల మూడులో అతనికి ఒక చిన్న కంప్యూటర్ గది ఉండేది. పెళ్ళి కార్డులూ, విజిటింగ్ కార్డులూ వేసేవాడు. ఆమధ్య స్కిన్నుల పిచ్చి పట్టుకుంది. స్కిన్ను అంటే కంప్యూటర్ తెర మీద పాటల పెట్టెకీ, గడియారానికీ తొడిగే చొక్కా. ఎప్పుడూ ఉండే నలుచదరం పోయి మనకి కావలసిన ఆకారం వస్తుంది.

ఆ పిచ్చిని మొట్టమొదట నమ్మినవాడు మిర్చి కమీషన్ వ్యాపారి బాపయ్య. తన కొట్లో తెర మీద పాటల పెట్టె ఎర్రటి మిరపకాయలా ఉండాలన్నాడు. నచ్చితే ఆ వరస కొట్లన్నిటికీ చెప్తానన్నాడు. నచ్చకపోతే బాషా గది మూసేసి బావమరిది కిరాణా కొట్లో పంచదార తూచుకోవాలి. ఆ మాట బావమరిది ఇప్పటికే నలుగురిలో అనేశాడు కూడా. మిరపకాయని నిన్న సాయంత్రం బాపయ్య కంప్యూటర్లో ఎక్కించి వచ్చాడు బాషా. ఇవాళ బాపయ్య టీకి వచ్చి, బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. గ్లాసు పుచ్చుకుని ఓ మూల కూర్చున్నాడు. బాషాకి గుబులు పుట్టింది. గుబులు పుడితే అతనికి నోరు ఆగదు.

మొదలుపెట్టడం మాత్రం వినయంగానే మొదలుపెట్టాడు.

"పెద్ద పనేం కాదులే రంజానూ. మిరపకాయ బొమ్మ గీసి, చుట్టూ ఉన్న ఖాళీ అంతా రాణీ రంగు నింపుతాం, అదే, చీరల్లో వచ్చే ముదురు గులాబీ. ఆ రంగు ఎక్కడుంటే అక్కడ చూపించొద్దని కంప్యూటర్‌కి చెప్తాం. అది మాయమై కాయ ఒక్కటే మిగులుద్ది. చిక్కంతా అంచు దగ్గర. ఎరుపూ రాణీ కలిసిపోయిన చుక్కలు ఉంటాయి చూడు, అవి చావవు. కాయ చుట్టూ గులాబీ గీత మిగిలిపోద్ది. ఎంతటోడైనా అక్కడే బోల్తా పడతాడు. నేను పడలా."

"మరేం చేశావురా?" అన్నాడు ఆటో తోలే రంజాన్. బాషాకి ఆ మాత్రం చాలు.

ఒక్కో చుక్కనీ మౌసుతో గిల్లి పారేశానన్నాడు. అంచు ఎంత పదునుగా తేలిందంటే, మౌసు బాణం దానికి తగిలి మొన తెగి పడిందట. ఆ పూటంతా మొండి బాణంతోనే పని నడిపాడట. కాయని ఒకసారి కాగితం మీద చూసుకుందామని ప్రింట్ కొడితే, ప్రింటర్ ఘాటుకి తట్టుకోలేక తుమ్మి తుమ్మి కాగితాలన్నీ గదినిండా చిమ్మిందట. దుమ్ము పట్టిందేమోరా అని రంజాన్ అడిగితే, దుమ్ముకి కళ్ళమ్మట నల్ల సిరా కారుద్దా అని గదమాయించాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్రాన్స్‌పరెన్సీ, అదే, అవతలిది కనపడేట్టు పలచన చేసేది, ఇంకొంచెం పెంచా. కాయ వెనకాల తెర కనపడింది, సరే, అది మామూలే, ఇంకొంచెం పెంచా, మానిటర్ వెనక గోడ, ఇంకొంచెం పెంచా, గోడ వెనక జిరాక్స్ కొట్లో సలీం గాడు కౌంటర్ మీద నిద్దర, ఆగుతానా, చీరాల స్టేషన్ కనపడిందిరా, రైలు ఆగి ఉంది, కిటికీ పక్కనాయన వేరుశనక్కాయలు తింటన్నాడు, ఆయన పొట్టు ఊదితే వచ్చి నా కీబోర్డు మీద పడింది."

కోటిరత్నం టీ వడబోస్తూ, చీరాల్లో మా చెల్లెలు కూడా కనపడిందా అబ్బాయ్ అని అడిగింది. కనపడిందనీ, కుళాయి దగ్గరుంటే పలకరించాననీ బాషా తడుముకోకుండా చెప్పాడు.

"నాకు చెల్లెల్లేదు."

"అందుకే అక్కా, పిలిచినా పలకలా."

బెంచీ మీదున్నవాళ్ళు విరగబడి నవ్వారు. బాపయ్య నవ్వలేదు. టీ ఊదుకుంటున్నాడు. బాషా ఓరకంట అది చూసి ఇంకా రెచ్చిపోయాడు. రాణీ రంగు చూపించొద్దన్న ఆర్డరు తెర దాటి వీధిలోకి పోయిందన్నాడు. వీధిలో పెళ్ళి జరుగుతోందట, షామియానా రాణీ రంగుదట, చూస్తుండగానే మాయమై కర్రలూ తాళ్ళూ మిగిలాయట, ఎండంతా వచ్చి బిర్యానీ డేగిసాలో పడిందట, షామియానా ఓనరు తాడు పట్టుకుని ఏడుస్తుంటే తను, చేసిన పనిని వెనక్కి తిప్పే కంట్రోల్ జెడ్ మీట కొట్టి గుడ్డ వెనక్కి తెప్పించాడట. అయితే పెళ్ళికొడుకు సరిగ్గా షామియానా అంచున నిలబడి ఉన్నాడు. అంచు శుభ్రం చేసే ఊపులో అతని మీసం ఓ పక్క కోసుకుపోయింది. మీసం ఉన్న పక్కనే కూర్చుంటానని పెళ్ళికూతురు పట్టుబట్టింది.

ఎవరి పెళ్ళిరా అని రంజాన్ అడిగాడు. పేరు చెపితే బాగుండదన్నాడు బాషా. తన కాయకున్న అంచు లాంటి అంచు ఇక లోకంలో ఇంకోటి లేదని కూడా అన్నాడు.

బాపయ్య గ్లాసు కింద పెట్టాడు.

"బాషా, పొద్దున సరుకు కొనడానికి నాగపూర్ పార్టీ వచ్చాడు. నీ కాయ చూశాడు. చుట్టూ గులాబీ గీత చూశాడు. మీ సరుక్కి రంగు కలుపుతున్నారా అన్నాడు."

బెంచీ మీద నవ్వు ఆగిపోయింది. రంగు కలిపిన కాయ అన్న మాట ఒక కొట్టు మీద పడితే, ఆ యార్డులో ఇక కొనేవాడు ఆ గడప తొక్కడు. బాపయ్య గొంతు పెంచకుండా మిగతాది చెప్పాడు. ఆ పార్టీ మిర్చి టిక్కీ బస్తాలోంచి కాయ తీసి తెల్ల రుమాలు మీద రుద్దాడు. రంగు అంటలేదు. నమ్మకం కుదరక అదే రుమాలుతో మానిటర్ని కూడా రుద్ది చూశాడు. చివరికి కొనకుండానే పోయాడు.

 ఆ గీత సంగతి బాషాకి తెలుసు. కళ్ళు మంటలెత్తేదాకా తుడిచినా అది పోలేదు. చివరికి బాపయ్య కొట్లో మానిటర్ వెలుతురు తగ్గించి, ఎవరూ చూడరులే అని వచ్చేశాడు.

"మధ్యాహ్నం ఇంకో పార్టీ వస్తన్నాడు," అన్నాడు బాపయ్య. "ఈలోపు ఆ గీత తీసేస్తావా?"

అందరూ బాషా వంక చూశారు. అతను టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, వచ్చినప్పట్నించీ మొదటిసారిగా గొంతు తగ్గించాడు.

"గీత పోదండీ బాపయ్య గారూ. కావాలంటే కాయ తీసేస్తా."