తినే వేళ తలుచుకోను

అన్నిటికన్నా నాకు పెద్ద భయం, మా ఆయనకు తింటూ తింటూ పొలమారి ప్రాణం మీదికి వస్తుందేమోనని. బరువు తెలియని అంతరిక్షంలో ఒంటికి ఏమవుతుందో చూడడానికి, మేముండే జర్మనీలోనే ఒక పరిశోధనశాలవాళ్ళు ఆయన్ని వాలుమంచం మీద తల కిందికి, కాళ్ళు పైకి పెట్టి అరవై రోజులకని పడుకోబెట్టారు. పాపతో నేను హానోవర్‌లో ఉన్నాను. మొన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆయన తింటుండగా వీడియోలో మాట్లాడాను.

"ఏవండీ, జబ్బేం లేదుగా, మంచం ఎందుకు దిగరు?"

"దిగితే ప్రయోగం పాడైపోద్దే. తిండీ స్నానం అన్నీ పడుకునే."

"మొహం ఉబ్బిపోయింది. పాప గుర్తుపట్టట్లేదు."

"రక్తం తల్లోకి దిగిందంతే. అంతరిక్షంలోనూ ఇలాగే అవుద్దంట."

"అయితే మిమ్మల్ని అక్కడికి పంపిస్తారా?"

"నన్నా? వేరేవాళ్ళు వెళ్తారే."

"వాళ్ళు వెళ్తుంటే మీరు పడుకోవడం దేనికండీ?"

నవ్వబోయిన ఆయనకు బ్రెడ్డు ముక్క గొంతుకు అడ్డంపడింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"చూశావా, నువ్వు తలుచుకున్నావు, పొలమారింది."

"ఎదురుగానే ఉన్నాగా, తలుచుకోవడమేంటి?"

"ఎక్కువ తలుచుకున్నావేమో!"

అప్పటినుంచి ఆయన తినే వేళకు పాప బట్టలు మడతపెడుతూ వేరే సంగతులు గుర్తుచేసుకుంటున్నాను. నేనడిగితే బాగున్నాననే అంటాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా, ఒంటిగంట దాటాక ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నాడో కనుక్కోండి.