నేను ఆపిన సంతకం: మన అక్కయ్యగారి పదవీ విరమణ సందర్భంగా

1991 జూన్ పదవ తేదీ, సోమవారం ఉదయం, మన స్కౌట్ ప్రధాన కార్యాలయ శిక్షణా విభాగంలో టైపిస్టుగా ఉద్యోగంలో చేరి, ఈ నెలాఖరున శిక్షణాధికారిణిగా పదవీ విరమణ చేయనున్న మన అక్కయ్యగారు, ముప్పై మూడేళ్ల సుదీర్ఘ సేవాకాలంలో తమ బల్ల మీదికి వచ్చిన ఏ ఒక్క కాగితాన్నీ చదవకుండా పక్క బల్లకు పంపలేదన్నది ఇక్కడ పనిచేసిన వారందరికీ తెలిసిన సత్యం. చేరిన మొదటి వారంలోనే అప్పటి అధ్యక్షులవారి ఉత్తరంలో తేదీ తప్పు పడిందని వెళ్లి చెప్పి, "టైపు చెయ్యమంటే చెయ్యాలి గానీ దిద్దుతారా?" అని మందలింపు తిని, "తప్పు టైపు చేస్తే రేపు అది నా తప్పంటారు కదండీ" అని బదులిచ్చి, ఆ ఉత్తరాన్ని దిద్దించి మరీ పంపిన ధీర వారు.

నేను ఆమెకన్నా వయసులో ఏడాది చిన్నవాడిని, సర్వీసులో నాలుగేళ్లు చిన్నవాడిని. హోదాలో మాత్రం చాలాకాలం పైవాడిని. శిబిరాల కార్యదర్శిగా నా గది ఆమె బల్లకు సరిగ్గా ఎదురుగా ఉండేది. అందరికన్నా ఎక్కువకాలం చూసినవాడినని ఈ వీడ్కోలు సంచికకు ఆమె గురించి రాయమని సంపాదకవర్గం నన్ను కోరింది. వారు కోరింది ప్రశంసావ్యాసం. నేను రాయగలిగింది ప్రశంస కొంత, తలవంపు కొంత. పెద్దలు, మిత్రులు, విశేషించి అక్కయ్యగారి కుటుంబసభ్యులు ఓపికతో చదవవలసిందిగా మనవి.

టైపు పనితో తృప్తి చెందక, 1996లో దళనాయకత్వ శిక్షణ పొంది, అక్కయ్యగారు ఆదివారాల్లో బాలికల దళాన్ని నడపసాగారు. 2003లో బాలురను, బాలికలను కలిపి ఒకే దళంగా నడపాలని సంస్థ నిర్ణయించినప్పుడు, తక్కిన నాయకులు మనకెందుకొచ్చిన గొడవ అని తప్పుకోగా, మొదటి మిశ్రమదళం బాధ్యతను స్వీకరించినది ఆమె ఒక్కరే. అప్పుడే పెద్దలకు కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. బయట బస చేసే ఏ శిబిరానికైనా శిక్షణ పొందిన పెద్దలు ఇద్దరుండాలి. బాలికలు వస్తే ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. ఏ పెద్దలూ ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండరాదు. ఈ నియమాలను ఆమె ఎంత నిష్ఠగా పాటించేవారంటే పిల్లలు ఆమెకు ‘రూల్సక్క’ అని పేరు పెట్టారు. ఆ పేరు తెలిసి ఆమె కోప్పడలేదు సరికదా, హాజరుపట్టీ మీద తామే అలా రాసుకున్నారు.

ఒక శిబిరంలో పదకొండేళ్ల పాప కాలిలో ముల్లు దిగి ఏడుస్తూ అక్కయ్యగారి గుడారంలోకి పరుగెత్తింది. అక్కయ్యగారు ఆ పాపను బయటికి తెచ్చి గుమ్మం దగ్గర అందరికీ కనబడేలా కూర్చోబెట్టి, వంటమనిషిని పిలిచి పక్కన నిలబెట్టి, అప్పుడు ముల్లు తీశారు. తనిఖీకి వెళ్లిన నేను నవ్వాను. "మీ మీద కూడా మీకు అనుమానమేనా అక్కయ్యగారూ?" అన్నాను. "నా మీద నాకు నమ్మకమేనండీ. కానీ రూల్ నన్ను మినహాయిస్తే, రేపు ఇంకొకళ్లు తమను కూడా మినహాయించుకుంటారు" అన్నారు. అదే శిబిరంలో గిన్నెలు తోమే వంతు ఎవరిదో చీటీలు వేసి తేల్చారు. చీటీ తగిలిన ఒక అబ్బాయి తల్లి మరునాడు కార్యాలయానికి వచ్చి, "మావాడు గిన్నెలు తోమడమేంటండీ, అమ్మాయిలు అంతమంది ఉండగా?" అని నిలదీసింది. అక్కయ్యగారు నిదానంగా, "ఆ గిన్నెల్లో మీవాడు తినలేదాండీ?" అన్నారు. ఆ తల్లి "తిన్నాడు లెండి" అని వెళ్లిపోయింది. ఆ అబ్బాయి మా అబ్బాయి. ఆ తల్లి నా భార్య. ఆమెను కార్యాలయానికి పంపింది నేనే.

ఇంతవరకు రాయడం సులభం. ఇకపై రాయవలసిన దాన్ని నేను మూడుసార్లు రాసి చింపాను.

మన సంస్థలో అగ్రశ్రేణి బ్యాడ్జి పొందాలంటే, పద్దెనిమిదేళ్లు నిండేలోగా ఒక జట్టుకు నాయకత్వం వహించి కొండ శిబిరాన్ని పూర్తిచేయాలి. ఏడాదికి ఒక్కొక్క దళం నుంచి ఒక్కరికే ఆ అవకాశం. 2009లో అక్కయ్యగారి దళంలో ఆ అర్హత సంపాదించినది ఒక దర్జీగారి అమ్మాయి. ఆమె తర్వాతి స్థానంలో ఉన్నది మా అబ్బాయి. శిబిరం అక్టోబరు పదహారున మొదలు. అమ్మాయికి పద్దెనిమిది నిండేది ఇరవై తొమ్మిదిన. తదుపరి కొండ శిబిరం మూడు నెలల తర్వాత. అంటే ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఈ తేదీలు నాకు కంఠతా వచ్చు.

అక్టోబరు పదమూడవ తేదీ మంగళవారం అక్కయ్యగారి అమ్మగారు ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. శస్త్రచికిత్స తప్పలేదు, అక్కయ్యగారు ఆసుపత్రి వదిలి రాలేని స్థితి. అయినా ఆ మధ్యాహ్నమే అక్కడి నర్సమ్మగారిని ఒకరిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చారు. నర్సమ్మగారు నాలుగు నెలల క్రితమే మన శిక్షణ పూర్తిచేశారు, ధ్రువపత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి. దళనాయకురాలిగా నమోదు చేస్తూ నేనొక సంతకం పెడితే చాలు.

"కొత్తవాళ్ల నమోదుకి పదిరోజుల గడువు ఉంది కదా అక్కయ్యగారూ" అన్నాను.

"పరిశీలనకి పదిరోజుల దాకా తీసుకోవచ్చు అని ఉందండీ. పది రోజులు ఆగి తీరాలని లేదు."

"రూల్ విషయంలో మీరే ఇలా మాట్లాడితే ఎలాగండీ?"

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూశారు. ఆసుపత్రి నుంచి ఫోను రావడంతో వెంటనే వెళ్లిపోయారు. నేను ఆ దరఖాస్తును సొరుగులో పెట్టాను. నా మనసులో ఏముందో నాకు తెలియదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు.

మహిళా నాయకురాలు లేనందున బాలికలను మినహాయించి శిబిరం నడపవచ్చునని గురువారం సాయంత్రం ఉత్తర్వు రాశాను. వ్యాయామోపాధ్యాయుడైన విజిల్ మాస్టారు, ఇంకొక నాయకుడు బాలురను తీసుకువెళ్లారు. కబురు అందరికీ అందలేదు. శుక్రవారం ఉదయం బస్సు దగ్గరికి తొమ్మిదిమంది బాలికలు సంచులు భుజాన వేసుకుని వచ్చారు. మా అబ్బాయిని దింపడానికి వెళ్లిన నేను అక్కడే ఉన్నాను. విజిల్ మాస్టారు బాలుర పేర్లు మాత్రం చదివి, "అమ్మాయిలకి ఈసారి కుదర్లేదమ్మా, ఇంటికెళ్లండి" అన్నారు. ఎవరూ ఏడవలేదు. దర్జీగారి అమ్మాయి తాను గీసిన దారి పటాన్ని సంచిలోంచి తీసి మా అబ్బాయి చేతిలో పెట్టింది. "రెండో మలుపు దగ్గర రాళ్లు జారతాయి. చిన్నవాళ్లని మధ్యలో నడిపించు. నీళ్లు ఎడమ పక్కనే ఉంటాయి, కుడికెళ్లకు" అని చెప్పింది. ఆ క్షణాన కూడా నేను బస్సు ఆపగలిగేవాడిని. చేతి గడియారం చూసుకున్నాను.

మా అబ్బాయి ఆ పటంతోనే శిబిరం పూర్తిచేశాడు. బ్యాడ్జి వచ్చింది. సభలో నేను చప్పట్లు కొట్టాను.

శిబిరం ముగిసిన వారం తర్వాత అక్కయ్యగారు విధులకు వచ్చిన రోజే నా బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి నర్సమ్మగారి దరఖాస్తు నకలు. రెండవది అంతకుముందు సంవత్సరానిది: విజిల్ మాస్టారికి జ్వరం వస్తే, ఒక అబ్బాయి తండ్రి అయిన దుకాణదారుగారిని బస్సు బయలుదేరబోయే ముందు పది నిమిషాల్లో నాయకుడిగా నమోదు చేసిన పత్రం. దాని మీద సంతకం నాది.

"ఈయనకి శిక్షణ కూడా పూర్తికాలేదండీ" అన్నారు అక్కయ్యగారు. గొంతు పెంచలేదు. "మగవాళ్లు తక్కువైతే మనిషిని వెతుకుతున్నాం. ఆడవాళ్లు తక్కువైతే పిల్లల్ని ఇంటికి పంపుతున్నాం. ఆ రూల్ అమ్మాయిల్ని కాపాడ్డానికి రాసుకున్నదండీ, ఆపడానికి కాదు."

నేను, "జరిగిందేదో జరిగిపోయింది, వదిలెయ్యండి" అన్నాను.

ఆమె వదలలేదు. నన్ను వేలెత్తి చూపకుండా, పేరెవరిదీ ఎత్తకుండా, కార్యనిర్వాహకవర్గానికి ఒక ప్రతిపాదన పంపారు. పెద్దలు తక్కువైనప్పుడు ఎవరికైనా ఒకే పద్ధతిలో, ఒకే గడువులో బదులు మనిషిని నియమించాలి. అదీ కుదరనప్పుడు శిబిరం అందరికీ వాయిదా పడాలి. వెళితే అందరూ, ఆగితే అందరూ. ఆ ప్రతిపాదనను సభలో వ్యతిరేకించింది నేనే. అంతటితో ఆగినా బాగుండేది. ఆ సంవత్సరాంతపు రహస్య నివేదికలో ఆమె గురించి ‘నియమాల పట్ల గౌరవం కొరవడినది’ అని రాశాను. మన సంస్థలో నియమాలను ఆమెకన్నా గౌరవించిన వారు మరొకరు లేరని తెలిసీ రాశాను. ఆ ఒక్క వాక్యం కారణంగా శిక్షణాధికారిణి పదవి ఆమెకు ఆరేళ్లు ఆలస్యమైంది.

2012లో కొత్త అధ్యక్షులు వచ్చాక ఆ ప్రతిపాదన నియమమైంది. దాన్ని స్వయంగా టైపు చేసినది ఆమే. నాటి నుంచి పదకొండు శిబిరాలు వాయిదా పడ్డాయి. ఒక్క బాలిక కూడా బస్సు దగ్గర నుంచి వెనక్కి వెళ్లలేదు. 2016లో ఎట్టకేలకు శిక్షణాధికారిణి అయిన నాటి నుంచి ఎనిమిది వందల మందికి పైగా స్త్రీపురుషులకు నాయకత్వ శిక్షణ ఇచ్చి, మహిళా నాయకులు దొరకరు అనే మాటను ఈ కార్యాలయంలో వినబడకుండా చేసిన కీర్తి అక్కయ్యగారిది.

ఈ వ్యాసం రాసే ముందు ఆమె గదికి వెళ్లాను. బీరువా ఖాళీ చేస్తున్నారు. ఆ నివేదిక సంగతి చెప్పడానికే వెళ్లాను. "2009లో మీ ఫైల్లో నేనొక మాట రాశానండీ" అన్నాను.

"తెలుసండీ. అప్పట్లో ఫైళ్లు సర్దే పని నాదే కదా, ఆ కాగితం పెట్టిందీ నేనే" అన్నారు.

పద్నాలుగు ఏళ్లకు పైగా తెలిసి, ప్రతి ఉదయం నన్ను నమస్కారంతో పలకరించారు. ఇదంతా సంచికలో రాస్తానన్నాను. ఆమె వద్దనలేదు. "ముందు ఆ అమ్మాయిని అడగండి. అది నా కథ కాదు, తనది" అన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక రక్తపరీక్షా కేంద్రంలో పనిచేస్తోంది. జరిగిందంతా చెప్పాను. చేతి తొడుగులు విప్పుతూ ఆసాంతం వింది.

"రాయండి. కానీ నా మీద జాలిపడుతూ రాయకండి" అంది. "ఒక్కటి మాత్రం తప్పకుండా రాయండి. అక్కయ్య రాకపోవడం వల్లే నా బ్యాడ్జి పోయిందనుకున్నాను నేను. ఆరు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ ఇంటికొస్తే తలుపు తియ్యలేదు. మీరు సంతకం పెట్టలేదని ఆవిడ నాకెందుకు చెప్పలేదు?"

తిరిగి వచ్చి అక్కయ్యగారినే అడిగాను.

"మీ అబ్బాయి కూడా నా దళంలో పిల్లాడేనండీ" అన్నారు. "చెబితే ఆ పిల్లలందరూ వాడి ముఖం చూసేవాళ్లా? వాడేం చేశాడు? పెద్దవాళ్లు చేసినదానికి ఒక పిల్ల ఎలాగూ నష్టపోయింది. రెండోవాడిని కూడా పోగొట్టుకోవడం ఎందుకనుకున్నాను. ఆ అమ్మాయికి అన్యాయమే చేశానేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను."

నా కొడుకును నా తప్పు నుంచి కాపాడినది, నేను ఎవరి ఎదుగుదలకు అడ్డుపడ్డానో ఆ మనిషి. ఈ వ్యాసం మొదట చదివినవాడు మా అబ్బాయే. చదవగానే దర్జీగారి అమ్మాయి ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు. వారేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు.

ఆనాటి నా వ్యాఖ్య అసత్యమని, దాన్ని ఉపసంహరించుకుంటున్నానని ఈ నెల పదవ తేదీన అధ్యక్షులవారికి లిఖితపూర్వకంగా ఇచ్చాను. "రిటైరైపోతున్నారు కదండీ, ఇప్పుడెందుకు?" అన్నారు వారు. "ఫైలు రిటైరవదు కదండీ" అన్నాను. ఆ లేఖ ఆమె ఫైలులో చేరింది. ఈసారి దాన్ని ఆమె చేత పెట్టించకుండా నేనే పెట్టాను.

అక్కయ్యగారి భర్తగారికి, కుమార్తెకు, మనవలకు ఒక మాట. ఆ ఆరేళ్లు మీ ఇంటి మనిషి ఇంటికి ఏ ముఖంతో వచ్చేవారో నేను ఊహించగలను. ఆ బరువు మోపినవాడిని నేను. అయినా ఈ సంచికలో నేను క్షమాపణ కోరడం లేదు. పదిమంది ఎదుట, పూలదండలు చేతిలో ఉండగా అడిగితే, కాదనే వీలు ఆమెకు ఉండదు. ఆ మాట వేరుగా అడుగుతాను, తలుపు తెరిచి ఉంచి, కాదని లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ ఆమెకు ఉండేలా అడుగుతాను.

ఈ సంచిక సాక్షిగా కోరేది ఒక్కటే. కొండదారుల్లో దాదాపు ముప్పై ఏళ్లు పిల్లల వెనకే నడిచిన ఆ పాదాలు మరెన్నో ఏళ్లు నొప్పి ఎరుగకుండా నడవాలి. ఆ చూపు మందగించకుండా, ఆ గొంతు అలసిపోకుండా, తమవారి మధ్య నిండు ఆరోగ్యంతో, నిశ్చింతగా, నూరేళ్లు దాటి కూడా తప్పు కనబడితే ఇది తప్పు అని చెబుతూ అక్కయ్యగారు చల్లగా ఉండాలి. వినవలసినవాళ్లం ఈసారైనా విందుము గాక.