నలభయ్యో పిల్లవాడు

1890, ఆస్ట్రియా ఏలుబడిలోని బొహీమియాలో చెక్‌లూ జర్మన్లూ కలిసి ఉండే ఒక బొగ్గుగనుల ఊరు. గని కార్మికుడి భార్య రూజెనా వంటిల్లు. అర్జీ పట్టుకుని వచ్చిన 'యువ చెక్' పార్టీ కార్యదర్శి కోప్‌షివా.

"ముందు కుడుములు తినండి కోప్‌షివా గారూ, చల్లారిపోతాయి. సంతకం ఎక్కడికీ పోదు."

"పోతుందమ్మా! రేపే ఆఖరు. నలభైమంది పిల్లల్ని చూపిస్తేనే సర్కారు చెక్ బడి ఇస్తుంది. మాకు ముప్పై తొమ్మిదిమంది తేలారు. మీ వాషెక్ ఒక్కడూ జర్మన్ బడి మానేసి వస్తే..."

"నిన్న పాత చెక్ పార్టీ ఆయన కూడా ఇదే కుర్చీలో కూర్చుని ఇదే అన్నారు. వాళ్లకీ ముప్పై తొమ్మిదేనట."

"వాళ్లకా? అంతమంది ఎక్కణ్ణించి..."

"రెండు అర్జీలూ కలిపేస్తే డెబ్భై ఎనిమిది కదండీ."

"వాళ్లతో కలవడమా! అంతకంటే జర్మన్లతో... అంటే, వాళ్లతోనూ కలవం. ఎవరితోనూ కలవం."

"అసలు మీకూ వాళ్లకూ తేడా ఏంటండీ?"

"వాళ్లు జాతి కోసం మెల్లగా పోరాడతారు. మేం గట్టిగా పోరాడతాం."

"బడి మాత్రం ఇద్దరికీ రాలేదు."

"ఇంకో కుడుము వెయ్యండి. లోపల పెట్టిన ఆలూబుఖారా బాగా పండింది."

"జర్మన్ బడివాళ్లు బూట్లిచ్చారు. మధ్యాహ్నం సూప్ పోస్తున్నారు. మీరేమిస్తారు?"

"జాతినిస్తాం!"

"మంచులో తొడుక్కోవడానికి పనికొస్తుందా?"

"వేళాకోళం కాదమ్మా. రేపు మీ బిడ్డ మీతో ఏ భాషలో మాట్లాడతాడు?"

"అదేనండీ నా బెంగ కూడా. మొన్న నిద్రలో జర్మన్‌లో కలవరించాడు. నీళ్లడిగాడో, నన్నే పిలిచాడో... తెలీలేదు నాకు."

"చూశారా! మరి పెట్టండి సంతకం."

"పెడతాను. మీ అబ్బాయి పేరు ఇందులో ఎక్కడుంది?"

"మావాడి సంగతి వేరు. పేరే స్వతోప్లుక్. మన పాత రాజు పేరు!"

"పేరు బాగుంది. అర్జీలో ఉందా అని."

"ఉండే ఉంటుంది. వాడి చదువూ అదీ మా ఆవిడే చూసుకుంటుంది. నాకు పార్టీ పనులతో తీరికెక్కడిది? మొన్న వాడికి కొత్త బూట్లు కూడా తెచ్చింది, పాపం."

"నల్లవి, ఇత్తడి కొక్కేలవి."

"అవును. మీకెలా తెలుసు?"

"ఇదిగో, సంతకం పెట్టాను. మావాణ్ణి నలభై ఒకటో వాడిగా రాసుకోండి. నలభయ్యోవాడు జర్మన్ బడిలో మావాడి పక్కనే కూర్చుంటున్నాడు. మావాణ్ణి అక్కడ చేర్పించింది కూడా మీ ఆవిడేనండీ."